మూడింటి విమానం

ఆగస్టు 3, సోమవారం

చెల్లెలికి,

పదకొండేళ్ళుగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఉంది. ఇన్నాళ్ళూ మింగుతూ వచ్చాను. నిన్న నీ కవరు విప్పాక ఇక మింగలేను. ఎవరి పెళ్ళికో కుట్టాల్సిన ఇరవై రెండు జతల బట్టల కోసం నువ్వు అమ్మని వదులుకున్నావు. ఇదే ఆ మాట. రాసేశాను.

నీకు గుర్తు లేకపోతే నేను గుర్తు చేస్తాను. శనివారం ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి అమ్మకి బాగా లేదు, సాయంత్రం బస్సుకే బయల్దేరు అన్నాను. సోమవారం బట్టలు అప్పగించి వస్తానన్నావు. ఆదివారం కుండపోత. ఎనభై నాలుగో కిలోమీటరు రాయి దగ్గర కొండ జారి రోడ్డు మీద కూర్చుంది. రెండు ఊళ్ళ మధ్యా దారి తెగిపోయింది. సోమవారం పొద్దున మళ్ళీ ఫోన్ చేసి, నేనే వెళ్ళి తెరుస్తాను, తెరిచాక మొదటి బస్సులో రా అన్నాను. ఇంజనీరు నన్ను అమ్మ దగ్గరే ఉండమన్నాడు. నేనే వినలేదు. నువ్వు రావాలంటే దారి కావాలి కదా. రోడ్డు గ్యాంగుకి మేస్త్రీని నేనే, నేను పోకపోతే ఆ దారి వారానికి కూడా తెరవరు. గురువారం మధ్యాహ్నానికి తెరిచాను. మొదటి బస్సులో నువ్వు వచ్చావు. అదే బస్సు ఎక్కి నేనూ వచ్చాను. ఇద్దరం వచ్చేసరికి అమ్మ తెల్లారుజామునే పోయి ఉంది.

అయినా నిన్ను సగం క్షమించాను, ఎందుకంటే ఆ దూరం నాకు తెలుసు. ఆరువందల పదకొండు కిలోమీటర్లు. ప్రతి రాయికీ సున్నం కొట్టి నంబరు వేసినవాణ్ణి. సాయంత్రం ఆరింటి బస్సు పొద్దున పదింటికి దింపుతుంది, పదహారు గంటలు. కొండ పడ్డాక పాపం ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది అనుకున్నాను.

ఇప్పుడు నువ్వు ఈ నెల ఇరవయ్యో తారీఖుకి రమ్మని విమానం టికెట్ పంపావు. దాని మీద బయల్దేరేది పదకొండు, దిగేది పదకొండూ యాభై అని ఉంది. అచ్చు తప్పు అనుకున్నాను. నేను తప్పులు వదిలేసే మనిషిని కాను, తెలుసు కదా. చొక్కా మార్చుకుని టికెట్ల ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి అమ్మాయి కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించింది. గాల్లో దూరం రెండువందల ముప్ఫై ఎనిమిదట. యాభై నిమిషాలట. అమ్మాయ్, ఆ దూరం ఆరువందల పదకొండు అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు, అది ఆమె మంచితనం. "తాతగారూ, రోడ్డు కొండ చుట్టూ తిరుగుతుంది. విమానానికి తిరగాల్సిన పని లేదు" అంది.

సరే, ఈ విమానం ఈమధ్య వేశారా అని అడిగాను. పదిహేనేళ్ళ నుంచీ ఉందంది.

అక్కడున్న బెంచీ మీద కూర్చుండిపోయాను. నీళ్ళు ఇచ్చారు. సగం చొక్కా మీదే పోసుకున్నాను. మన ఊళ్ళో లేచే విమానాలన్నీ రాజధానికి పోతాయనే నేను అనుకునేవాణ్ణి. పనిలో ఉన్నప్పుడు మా నెత్తి మీదుగా రోజూ రెండు పోయేవి, పదకొండింటికి ఒకటి, మూడింటికి ఒకటి. గ్యాంగులో గడియారం ఉన్నవాడు లేడు, అవే మా గడియారం. విమానం కనపడగానే నేను విజిల్ ఊదితే అందరూ టీకి కూర్చునేవారు. అవి ఎక్కడికి పోతాయో ఒక్కనాడూ అడగలేదు. నేను రోడ్డు మనిషిని, నాకెందుకు.

నాకు తెలియదు సరే. నువ్వు పట్నంలో కొట్టు నడిపేదానివి, నీకు తెలియదా? బావగారికి తెలియదా? యాభై నిమిషాలు. ఒక జత కుట్టడానికి నీకు అంతకన్నా ఎక్కువ పడుతుంది. అమ్మ తలుపు వైపు చూస్తూ పోయి ఉంటుంది.

ఫోన్లో మాట్లాడమని మీ వదిన ప్రాణం తీస్తోంది. ఫోన్లో నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, మాట తేలదు. అందుకే రాస్తున్నాను. ఆరింటి బస్సు నడిపే పొడుగు డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వు.

రాసింది అన్న.


ఆగస్టు 5, బుధవారం

అన్నయ్యకి,

నీ ఉత్తరం అందింది. పొడుగు డ్రైవరు కొట్టు ముందు బస్సు ఆపి, కండక్టరు తిడుతున్నా దిగి వచ్చి నా చేతికే ఇచ్చాడు. మేస్త్రీగారి మాట అన్నాడు. కొట్లో పనిచేసే అమ్మాయి కవరు చూసి, ఇంత లావు అక్షరాలు ఎవరివక్కా అని అడిగింది. జీవితమంతా రాళ్ళ మీద రాసిన చెయ్యిలే, కాగితం మీద కూడా లారీవాళ్ళకి దూరం నుంచి కనపడాలని రాస్తాడు అన్నాను.

నువ్వు అడిగినదానికి జవాబు ఉంది అన్నయ్యా. కాగితం మీద పెట్టే జవాబు కాదు. ఎదురుగా కూర్చుని చెప్పాలనే టికెట్ పంపాను. ఒక్క సంగతి మాత్రం ఒప్పుకుంటాను. ఆ శనివారం సాయంత్రం నేను బస్సు ఎక్కి ఉండాల్సింది. నువ్వు ఫోన్ పెట్టేశాక కూడా కత్తెర నా చేతిలోనే ఉంది. రెండు రోజులే కదా అనుకున్నాను. ఆ ఇరవై రెండు జతల కొలతలు ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు, మర్చిపోదామన్నా పోవు.

నువ్వు ఇరవయ్యో తారీఖుకి రా. ఇరవై ఒకటిన నాకు ఒక చిన్న పని ఉంది. దానికి ముందు నిన్ను చూడాలి. బావగారు విమానాశ్రయానికి వచ్చి నిన్ను తీసుకొస్తారు. విమానంలో భయం ఏమీ ఉండదు, చెవులు కాస్త మూసుకుపోతాయి, అంతే.

వదినకి నేను విడిగా ఫోన్ చేస్తాను.

చెల్లెలు


ఆగస్టు 7, శుక్రవారం

చెల్లెలికి,

కాగితం మీద పెట్టలేని జవాబు అంటే నా దృష్టిలో జవాబు లేదనే లెక్క. నేను ముప్ఫై నాలుగేళ్ళు నౌకరీ చేశాను. రోడ్డు ఎందుకు కుంగిందని ఇంజనీరు అడిగితే, ఎదురుగా కూర్చుని చెప్తానండీ అని ఏనాడూ అనలేదు. కాగితం మీద రాయించి వేలిముద్ర వేశాను. సంతకం తరవాత నేర్చుకున్నాను.

చిన్న పని ఉందన్నావు. ఇప్పుడు తెలిసింది. పదకొండేళ్ళుగా రాని టికెట్ ఇప్పుడెందుకు వచ్చిందా అని చూస్తున్నాను. అమ్మ పేరు మీద ఉన్న ఆ రెండు గదుల కాగితాల కోసం నా సంతకం కావాలి, అంతేగా? ఆ మాట సూటిగా అడిగితే ఇక్కడే పెట్టి పంపేవాణ్ణి. దానికి నన్ను గాల్లోకి ఎక్కించక్కర్లేదు.

ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి రెండోది కూడా రాస్తాను. ఆ గురువారం బస్సులో నువ్వూ నేనూ మూడు గంటలు పక్కపక్కన కూర్చున్నాం. నా ఒళ్ళంతా బురద. చూశావా, తెరిచాను అన్నాను. నువ్వు ఏడ్చావు. అన్న నీ కోసం కొండ తవ్వాడని ఏడుస్తున్నావేమో అనుకుని నేను కూడా కరిగిపోయాను. తరవాత ఇంటికి వచ్చాక తట్టింది. ఆ మూడు గంటల్లో అమ్మకి ఎలా ఉందని నువ్వు ఒక్కసారి కూడా నన్ను అడగలేదు. తువ్వాలు ఇచ్చావు, మొహం తుడుచుకోమన్నావు, ఏమన్నా తిన్నావా అన్నావు. అమ్మ మాట లేదు. కన్నతల్లి ఆసుపత్రిలో ఉంటే అడగని కూతుర్ని నేను ఎక్కడా చూడలేదు. ఈ మాట మీ వదినకి కూడా చెప్పలేదు, సిగ్గేసి.

టికెట్ వెనక్కి పంపుతున్నాను. నేను ఎక్కను. నా కాళ్ళు ఆడినన్నాళ్ళు నేను వేసిన రోడ్డు మీదే నడుస్తాను.

అన్న


ఆగస్టు 10, సోమవారం

అన్నయ్యకి,

టికెట్ అందింది. నాలుగు మడతలు పెట్టి, మడత మడతకీ గోరుతో గీశావు. నీ కోపం నాకు తెలియనిది కాదు.

సంతకం కోసం కాదు అన్నయ్యా. ఆ గదులు నువ్వే ఉంచుకో. చిన్న పని అంటే నా గుండెకి ఆపరేషన్. లోపల రక్తం పోయే చోట తలుపు లాంటిది ఒకటి ఉంటుందట, నాది సరిగా మూసుకోవడం లేదు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. మిషన్ తొక్కడం మానేసి ఆరు నెలలైంది. నూటికి ఎనభై మంది బాగానే లేస్తారని డాక్టరు చెప్పాడు. మిగతా ఇరవై మంది సంగతి ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ ఇరవై వల్లే ఇది రాస్తున్నాను. అమ్మకి ఇచ్చిన మాట తప్పుతున్నాను. నాకు ఏమైనా అయితే నువ్వు ఆ ముల్లుతోనే మిగిలిపోతావు.

నేను వచ్చాను అన్నయ్యా.

కొండ పడిందని సోమవారం నువ్వు ఫోన్ చేశాక నా చేతులు ఆడలేదు. విమానం ఉంది కదా అని బావగారు అన్నారు. అంతవరకూ నాకూ తట్టలేదంటే నువ్వు నమ్మవు. మనిద్దరం ఒకే ఇంట్లో పుట్టినవాళ్ళం, ఊరంటే బస్సు, అంతే. మంగళవారం మధ్యాహ్నం విమానం ఎక్కాను. లేచిన అరగంటకి పక్కసీటాయన కిటికీలోంచి చూపించాడు, అదిగో కొండ జారిన చోటు అని. పచ్చటి కొండ మీద ఎర్రగా గోకినట్టు ఉంది. కింద పసుపుపచ్చ చుక్కలు కదులుతున్నాయి. మీ వానకోట్లు. నేను అద్దానికి ముక్కు ఆనించి చూస్తుండగానే ఆ చుక్కలన్నీ ఒక్కసారి కదలడం మానేసి ఒక చోటికి చేరాయి. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు. మొన్న నీ ఉత్తరం చదివాక తెలిసింది. నువ్వు టీకి విజిల్ ఊదావు. ఆ మూడింటి విమానంలో నేను ఉన్నాను.

నాలుగున్నరకల్లా అమ్మ మంచం పక్కన కూర్చున్నాను. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, వచ్చావా అంది. ఆ పూటంతా బాగా మాట్లాడింది. నా చేత జడ వేయించుకుంది. చలిగా ఉందంటే నా ఆకుపచ్చ శాలువ కప్పాను. తెల్లారాక నన్ను దగ్గరికి పిలిచి, ఇవాళే వెనక్కి వెళ్ళిపో అంది. నేను కదలనన్నాను. అప్పుడు అమ్మ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"వాడు నీ కోసం కొండ తవ్వుతున్నాడే. నువ్వు పైనుంచి ఎగిరొచ్చేశావని తెలిస్తే పార అక్కడే పడేస్తాడు, మళ్ళీ జన్మలో ముట్టడు. వాడికి ఉన్నది ఆ రోడ్డు ఒక్కటే. వాడు తెరిచిన దారిలోంచే నువ్వు రావాలి. అవతలి వైపు నుంచి ఎదురెళ్ళి, వాడు చెయ్యి ఊపితే రా. నేను ఎక్కడికీ పోనులే."

ఇంకో వారం పర్వాలేదని డాక్టరు కూడా అన్నాడు. బుధవారం పదకొండింటి విమానంలో వెనక్కి వెళ్ళాను. మళ్ళీ నీ మీదుగానే. అదే సాయంత్రం ఆరింటికి బస్సు ఎక్కాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆ ఎర్రమట్టికి అవతల, నీకు ఎదురుగా, బస్సులో కూర్చున్నాను. నువ్వు జెండా ఊపావు. నీ మొహంలో ఆ వెలుగు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. అమ్మకి ఎలా ఉందని నిన్ను ఎలా అడగను? నాకు నీకన్నా రెండు రోజులు తాజా కబురు తెలుసు. నోరు విప్పితే బయటపడిపోతాను.

ఇంటికి వచ్చాక అమ్మని చూసి నేను ఎందుకు అలా కూలబడ్డానో ఇప్పుడు నీకు తెలుస్తుంది. నేను వెళ్ళకుండా ఉంటే ఆఖరి నిమిషంలో అమ్మ దగ్గర నేను ఉండేదాన్ని.

ఇరవై రెండు జతల బట్టల కోపం ఇన్నేళ్ళూ నువ్వు పైకి అనకుండా చూపించినా నేను పడ్డాను. తప్పు ఉంది కాబట్టి పడ్డాను, మాట ఇచ్చాను కాబట్టి ఊరుకున్నాను. అమ్మ తలుపు వైపు చూస్తూ పోలేదు అన్నయ్యా. అది మాత్రం మనసులోంచి తీసెయ్.

చెల్లెలు


ఆగస్టు 12, బుధవారం

చెల్లెలికి,

నీ ఉత్తరం నిన్న పదింటికి వచ్చింది. మొదటిసారి చదివి నువ్వు కట్టుకథ అల్లావనుకున్నాను. రెండోసారి చదివితే శాలువ దగ్గర ఆగిపోయాను.

ఆ ఆకుపచ్చ శాలువ అమ్మ మీద ఉండగా నేను చూశాను. ఎక్కడిదని ఆ రోజే మీ వదినని అడిగాను. నర్సు ఇచ్చిందంది. పదకొండేళ్ళుగా చలికాలం వచ్చిందంటే నేనే దాన్ని కప్పుకుంటున్నాను. బీరువా తీసి చూశాను. అంచు కుట్టు నీ చేతిది. పొట్టి పొట్టి కుట్లు, మూల దగ్గర మూడు ముళ్ళు. ఇన్నేళ్ళూ ఒంటి మీద వేసుకుని తిరిగినవాడికి అది కనపడలేదు. రోడ్డు మీద వెంట్రుకంత పగులు కూడా కనిపెట్టేవాణ్ణని నాకు పేరు.

మీ వదిన వంటింట్లో ఉంది. శాలువ తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టాను. ఆమె స్టవ్ ఆపేసి, చేతులు తుడుచుకుని, స్టూలు మీద కూర్చుంది. "ఇన్నాళ్ళకి చెప్పిందా" అంది. నీకు తెలుసా అన్నాను. "నేను అక్కడే ఉన్నాను కదండీ, తెలియకుండా ఎలా ఉంటుంది. అత్తయ్య నా చేత కూడా మాట తీసుకుంది" అంది. నీ ఆపరేషన్ సంగతి కూడా ఆమెకి ఆరు నెలలుగా తెలుసట. ఈ ఇంట్లో నాకు తప్ప అందరికీ అన్నీ తెలుసు. ఆమె లేచి మళ్ళీ స్టవ్ వెలిగించింది. ఆ పూట పప్పు మాడింది.

ఇప్పుడు నేను చెప్పేది నువ్వు ఎవరికీ చెప్పకు. ఆ మంగళవారం మూడింటికి విమానం కనపడింది. విజిల్ ఊదాను. కుర్రాడొకడు పైకి చూసి, వాళ్ళదే సుఖం మేస్త్రీ, బురద లేదు ఏమీ లేదు అన్నాడు. నేను ఏమన్నానో తెలుసా. "ఆసుపత్రిలో తల్లి ఉన్నవాళ్ళైతే అలా గాల్లో షికార్లు కొడతారా?" అన్నాను. అందరూ అవునన్నారు. నేను టీ తాగాను. ఆ మాట నేను అంటున్నప్పుడు నువ్వు పైనుంచి నన్ను చూస్తున్నావు.

నీ మీద కోపం ఎక్కడికి పోయిందో వెతుకుతున్నాను. పదకొండేళ్ళు మోసిన బరువు ఒక్కసారి దించేస్తే మనిషి నిలబడలేడు, ముందుకి తూలిపోతాడు. గంపలు మోసేవాళ్ళని చూశాను, అలాగే ఉంది నాకు.

అసలు నేనే అమ్మ దగ్గర ఉండాల్సినవాణ్ణి. ఇంజనీరు ఉండమన్నాడు. నీ కోసమని పోయాను. నువ్వు నా కోసమని పోయావు. ఇద్దరు పిల్లలూ ఆ రోడ్డు మీదే ఉన్నారు, ఆమె ఒక్కతీ ఇక్కడ పోయింది. మీ వదిన పక్కన ఉందనుకో. పెద్ద ప్రాణం, కోడలి చేతిలో పోయింది.

ఒక్క సంగతి అడుగుతాను. అమ్మ నీతో నా రోడ్డు సంగతి అంది సరే. నా సంగతి ఏమైనా అందా? నువ్వు వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గరికి వెళ్ళినదాన్ని మళ్ళీ వెనక్కి పిలిచి చెవిలో ఏదో చెప్పిందట. మీ వదిన బయట ఉండి చూసిందట, వినపడలేదట. అది ఏమిటి?

రాసినవాడు
అన్నయ్య


ఆగస్టు 14, శుక్రవారం

అన్నయ్యకి,

పదకొండేళ్ళ తరవాత అన్నయ్య అని సంతకం పెట్టావు. నిన్నటిదాకా అన్న అనే ఉండేది, బోర్డు మీద పేరు రాసినట్టు.

అవును, వెనక్కి పిలిచి చెవిలో చెప్పింది. అది నీకే చెప్పమంది. "వాడి మొహం చూసి చెప్పు, ఫోన్లో చెప్పకు. ఎప్పుడు చెప్పాలో నీకే తెలుస్తుంది" అంది. ఆ ఎప్పుడు అన్నది నాకు ఇన్నేళ్ళలో తెలియలేదు. నువ్వు నా మొహం చూస్తే కదా. రెండుసార్లు మీ ఇంటికి వచ్చాను, రెండుసార్లూ నువ్వు రోడ్డు చూసి వస్తానని వెళ్ళిపోయావు. రిటైరయ్యాక కూడా.

ఈ మాట పట్టుకుని నిన్ను రప్పిస్తున్నానని అనుకోకు. అనుకున్నా అనుకో. బావగారు టికెట్ రద్దు చెయ్యలేదు. అడిగితే, మీ అన్నయ్య సంగతి నాకు తెలుసులే అన్నారు. ఆయన నీ వైపు మనిషి ఎప్పుడూ.

నన్ను ఇరవయ్యో తారీఖు సాయంత్రం ఆసుపత్రిలో చేర్చుకుంటారు. తరవాత ఎవర్నీ లోపలికి పంపరట. నువ్వు బస్సులో రావద్దు. ఈ వానల్లో పదహారు గంటలు నీ నడుము తట్టుకోదు, దారిలో ఎక్కడ ఏ కొండ జారుతుందో కూడా తెలియదు.

రాకపోయినా పర్వాలేదు. ఎనభై మందిలో ఉంటే తరవాత చెప్తాను.

చెల్లెలు


ఆగస్టు 18, మంగళవారం

చెల్లెమ్మకి,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. ఆదివారం పొద్దున పొడుగు డ్రైవరు తమ్ముడి లారీలో ఎనభై నాలుగో రాయి దాకా వెళ్ళాను. ఎందుకని మీ వదిన అడగలేదు, గొడుగు ఇచ్చింది.

రాయి బాగానే ఉంది, నంబరు మాసింది. ఇప్పటివాళ్ళు సున్నం పల్చగా కొడుతున్నారు. కొండ జారిన చోట చెట్లు లేచాయి, కొత్తవాడికి చూపిస్తే ఏమీ జరగలేదనుకుంటాడు. రాయి మీద కూర్చున్నాను. కూర్చోకూడదు, నేనే ఎందరినో తిట్టాను. పదకొండుం పావుకి విమానం కనపడింది. ఇన్నేళ్ళు దాన్ని చూశాను కానీ, ఎటు పోతోందో మొదటిసారి చూశాను. నీ వైపే. మన వైపు కొండ మీద తేలిన దగ్గర్నుంచి అటు కొండ వెనక్కి పోయేదాకా లెక్కపెట్టాను. రెండున్నర నిమిషాలు. ఆ కొండల మధ్య దారి తెరవడానికి నాకు మూడు రోజులు పట్టింది.

లేచి చెయ్యి ఊపాను. ఎవరూ చూడలేదు, లారీవాడు చూశాడు. వాడు అడిగితే దోమలన్నాను.

మూడింటిది కూడా చూసి కానీ కదలలేదు.

సోమవారం మళ్ళీ టికెట్ల ఆఫీసుకి వెళ్ళాను. అదే పిల్ల. టికెట్ కాగితం తిప్పి పంపేశానమ్మా అన్నాను, ఊరికే మాటవరసకి. కాగితం అక్కర్లేదు తాతగారూ, మీ పేరు ఇందులో ఉంది, మీ కార్డు తెచ్చుకుంటే చాలు అంది. పదకొండింటి విమానానికి తొమ్మిదింటికే రమ్మంటోంది. యాభై నిమిషాల ప్రయాణానికి రెండు గంటలు కూర్చోబెడతారట. మన బస్సు అలా కాదు, మనిషి వస్తున్నాడని తెలిస్తే కదిలింది కూడా ఆగుతుంది. అది కూడా ఆ పిల్లకి చెప్పాను. రాసుకుంది.

నేను వస్తానని ఇందులో ఎక్కడా రాయలేదు. మీ వదిన సంచీ సర్దుతోంది, అది ఆమె ఇష్టం. శాలువ పైన పెట్టింది. అమ్మ కప్పుకున్నది, ఆపరేషన్ అయ్యాక నీకే చలేస్తుంది అంటోంది.

నీకు చెప్పాల్సినవి నావీ రెండు ఉన్నాయి. ఇరవై రెండు జతల బట్టల మాట ఇక ఎత్తను. రెండోది రాయడం రావడం లేదు. నాకు చక్కగా రాయడం వచ్చింది ఈ రెండు ఊళ్ళ పేర్లే, మిగతావి అన్నీ వంకరే. నువ్వు ఎనభై మందిలో ఉండాలి. ఇది అడగడం కాదు, చెప్పడం. గ్యాంగులో నేను చెప్తే కాదన్నవాడు లేడు.

ఇక అసలు సంగతి. అమ్మ నీ చెవిలో చెప్పింది ఏమిటో నాకు తెలియాలి. మొహం చూసే చెప్తాను అని బెట్టు చెయ్యకు. కాగితం మీద రాసి పంపు. పనిలో పని, విమానంలో ఏ పక్క కిటికీ దగ్గర కూర్చుంటే ఎనభై నాలుగో రాయి కనపడుతుందో అది కూడా రాయి. ఊరికే అడుగుతున్నాను.

ఈ ఉత్తరం ఇవాళ ఆరింటి బస్సుకి ఇస్తున్నాను, రేపు పదింటికి నీకు అందుతుంది. నీ జవాబు ఎల్లుండి, ఇరవయ్యో తారీఖు గురువారం, పొద్దున ఎనిమిదింటికల్లా నా చేతిలో ఉండాలి. లేకపోతే నేను చెయ్యాల్సింది నేను చేస్తాను. మీ వైపు బస్సు ఇక్కడికి వచ్చేది పదింటికి కదా అంటావు. ఆ రోడ్డు మీద ఏ బస్సు ఎప్పుడు వస్తుందో నువ్వు నాకు నేర్పకు. ఎనిమిదంటే ఎనిమిదే.

అన్నయ్య